బ్రేక్‌వ్యాన్ కబుర్లు: అరకులో ఎన్ని రాత్రులు?

(అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండోల్ రైలు లైనులో 19 ఏళ్లు గూడ్సు బండి చివరి పెట్టె బ్రేక్‌వ్యాన్‌లో గార్డుగా చేసి రిటైరైన మా శీర్షికకర్త ఈ వారం పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు.)

ప్రశ్న: గార్డు గారూ, మావారు నవంబరులో రిటైరవుతున్నారు. డిసెంబరు చివర్లో పిల్లలు బెంగళూరు నుంచి వస్తారు. మాకందరికీ కొండలు, చెట్లు అంటే ఇష్టం. మూడు రోజుల్లో బొర్రా గుహలు, అరకు, వంజంగి, లంబసింగి అన్నీ చుట్టేసేలా మా అబ్బాయి ప్లాను వేశాడు. అత్తగారికి 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిణ్ణి వదిలి రాలేను, తీసుకెళ్తే ఏమవుతుందోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అత్తగారిని తీసుకెళ్లండమ్మా. ప్లానే ఇంట్లో వదిలేయండి.

అలాంటి ప్లాను నేనూ ఒకసారి వేశాను. లైనంతా నాకు కొట్టిన పిండే కదా అన్న ధీమాతో మా తోడల్లుడి కుటుంబాన్ని రెండు రోజుల్లో నాలుగు చోట్లకు తిప్పాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాళ్ల చిన్నదానికి ఒకటే వాంతులు. లంబసింగి చేరేసరికి పది దాటింది, మంచు పూర్తిగా విడిపోయింది. టీ తాగి, ఎండలో ఒక ఫొటో దిగి వచ్చేశాం. ఇప్పటికీ ఏ పెళ్లిలో కనిపించినా ఆయన "ఏం అన్నయ్యా, లంబసింగి ఎండ బాగుందా?" అంటాడు.

మూడు రోజులైతే రెండు రాత్రులూ అరకులోనే పడుకోండి. వంజంగిలో మేఘాలు కాళ్ల కింద పరుచుకోవడం చూడాలంటే చీకట్లోనే కొండ ఎక్కాలి, అందుకు ముందురోజు పాడేరు చుట్టుపక్కల ఉండాలి. మీవాడికి అంత కోరికగా ఉంటే స్నేహితులతో మరోసారి వెళ్లమనండి. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. ఆరుబయట ఉండిపోతే కర్రలా బిగుసుకుపోతారని అర్థం చెబుతారు. ఆ చలికి మోకాళ్ల నొప్పులున్న పెద్దావిణ్ణి తీసుకెళ్లడమెందుకు?

వెళ్లేటప్పుడు మాత్రం రైల్లోనే వెళ్లండి. విశాఖలో పొద్దున్నే కిరండోల్ ప్యాసింజరు ఉంటుంది, అరకుకి దాదాపు నాలుగు గంటలు. నిజానికి ఈ లైను మనలాంటి వాళ్ల షికార్ల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960లలో వేశారు. 58 సొరంగాలు. 2017లో అద్దాల పెట్టె తగిలించారు, దాని టికెట్లు దొరకడం కష్టం. దొరకలేదని బాధపడకండి, మామూలు పెట్టెలో కిటికీ తీసుకుంటే చాలు, చెట్ల వాసన కూడా వస్తుంది. అద్దాల్లోంచి అది రాదుగా.

శివలింగపురం దాటాక టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ స్టేషన్లు వస్తాయి. శిమిలిగుడ దాదాపు 996 మీటర్ల ఎత్తు. అక్కడ నా బండిని ఆపినప్పుడల్లా ఇంజను ఎక్కడో ముందు మంచులో ఉండేది. నాకు చివరి వ్యాగన్, ఎర్ర దీపం తప్ప ఏమీ కనబడేది కాదు. పక్కనే ఎవరో దగ్గితే ఉలిక్కిపడేవాణ్ణి. చూస్తే గొంగడి కప్పుకుని పట్టా వెంట నడిచిపోతున్న మనిషి.

బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కువ. అత్తగారికి పైన నీడలో కుర్చీ, చేతికో కాఫీ ఇచ్చి, ఒకరు తోడుండండి. పైకప్పు రంధ్రంలోంచి ఆవు లోపల పడితే, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడిందని అక్కడివాళ్లు చెప్పే కథ ఆవిడకి ముందే చెబితే సరి, గుహ సగం చూసినట్టే.

రెండో రోజు కారు ఎక్కకండి, ఊరి పొలాల్లోకి నడవండి. వలిసె పూలు డిసెంబరు చివరికి చాలావరకు రాలి గింజ పట్టేస్తాయి. అక్కడక్కడా ఆలస్యంగా వేసిన మడి ఉంటే పసుపుపచ్చగా కనబడుతుంది. దగ్గరికెళ్తే ముందు వినబడేది తేనెటీగల రొద. ఫొటో కోసం లోపలికి దిగాలంటే రైతుకి పదో ఇరవయ్యో ఇస్తారు, ఇవ్వండి. గట్టు మీదే నడవండి. మనకి అవి పూలు, వాళ్లకి నూనె గింజలు.

కాఫీ తోటల్లో అది కోతల కాలం. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగ అల్లుకుని, కింద కాఫీ మొక్కలు ఎర్రటి పళ్లతో ఉంటాయి. తోటవాళ్లని అడిగి ఒక పండు నోట్లో వేసుకోండి. గుజ్జు కాస్తే ఉంటుంది గానీ తియ్యగా ఉంటుంది. కాఫీ రుచి రవ్వంతైనా తగలదు. మా ఆవిడ మొదటిసారి ఉమ్మేసి "ఇది కాఫీ కాదు" అని తోటమాలితో వాదనకు దిగింది.

ప్రశ్న: జులైలో సెలవు దొరికింది. నల్లమలలో పులుల సఫారీకి వెళ్దామనుకుంటున్నాం. బాగుంటుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వానాకాలంలో పులుల అభయారణ్యాల్లో సఫారీలు ఆపేస్తారు. మీ వైపే బొగత జలపాతం ఉండగా అంత దూరం ఎందుకు? ఏటూరునాగారం మీదుగా, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వాజేడు వైపు వెళ్లండి. జులై చివరికి నిండుగా దూకుతుంది. నీళ్లలోకి మాత్రం దిగకండి, ఈత వచ్చినా సరే. దారిలో లక్నవరం ఎలాగూ తగులుతుంది.

ప్రశ్న: అంకుల్, పక్షులంటే పిచ్చి. పెద్ద ఖర్చు లేకుండా చూడగలిగే చోట్లు చెప్పండి.
– ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: బాబూ, నువ్వు ఆటో ఎక్కితే చాలు! మీ పక్కనే ఉప్పలపాడులో ఊరి చెరువు చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. అక్కడ చూడ్డం అలవాటయ్యాక చలికాలంలో నేలపట్టు వెళ్లు. ఆ తర్వాత హిందూపురం దాటి వీరాపురం. అక్కడ కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీదే పిల్లల్ని పెంచుతాయి. పైనుంచి రెట్ట పడినా, చేప ముక్క పడినా ఊరివాళ్లు విసుక్కోరు. అవి వస్తేనే వానలు పడతాయని వాళ్ల నమ్మకం. నువ్వు మాత్రం టోపీ పెట్టుకో.

ప్రశ్న: అమెరికా నుంచి ఏప్రిల్ మొదటి వారంలో వస్తున్నాం. మంచు ఉండదు కదా, అరకు దండగేనా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: మంచు ఉండదు. వేసవి మొదట్లో ఒక మంచి వాన పడితే వారం పదిరోజుల్లో కాఫీ పూస్తుంది, కొమ్మ పొడుగునా తెల్లగా. రెండు మూడు రోజులే నిలుస్తుంది, కాబట్టి మాట ఇవ్వలేను. నా సర్వీసులో ఒక ఏప్రిల్ రాత్రి సిగ్నలు కోసం బండి ఆగింది. బ్రేక్‌వ్యాన్ వరండాలోకి మల్లెపూల వాసన వచ్చింది. ఈ అడవిలో మల్లెతోట ఎవరు వేశారా అని చాలాసేపు చీకట్లోకి చూశాను. తెల్లారాక డ్రైవరు నవ్వుతూ చెప్పాడు, అవి కాఫీ పూలని.