స్కోప్ కనుబొమ్మను చీల్చిందా? ముందు కన్ను చూపించుకోండి, తర్వాత పట్టు మార్చుకోండి

మీరు రెండు విషయాలు అడిగారు. మొదటిసారి స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగించిన .308 రైఫిల్ (బలంగా తన్నే పెద్ద తూటా రైఫిల్) కాల్చినప్పుడు స్కోప్ వెనక్కి వచ్చి కనుబొమ్మను చీల్చింది, రెండు రోజులైనా కన్ను బరువుగానే ఉంది, దీన్ని పట్టించుకోవాలా అన్నది ఒకటి. మళ్లీ ఇలా జరగకుండా ఎలా నిలబడాలి, ఎలా పట్టుకోవాలి అన్నది రెండోది. నాకూ ఇదే జరిగింది. కుడి కనుబొమ్మ మీద నెలవంక ఆకారంలో ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ముందు కంటి సంగతి. కన్ను ఇంకా బరువుగా ఉందంటున్నారు కాబట్టి ఇవాళే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పైన గాయం చిన్నదే అయినా స్కోప్ అంచు దెబ్బ కనుగుడ్డు దాకా వెళ్లి ఉండొచ్చు. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, కంటి పక్కన మెరుపులు వచ్చినా, నల్లటి చుక్కలు తేలుతున్నా, ఒక పక్క నుంచి తెర దించినట్టు చూపు తగ్గినా, నల్లగుడ్డు ముందు అడుగున రక్తం గీతలా నిలిచినా ఒక్క గంట కూడా ఆగకండి. విపరీతమైన తలనొప్పి, వాంతులు ఉంటే తలకు తగిలిన దెబ్బగా భావించి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. కంటి లోపల రక్తం చేరిందన్న అనుమానం ఉంటే నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు, వాటితో రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. కన్ను నలపకండి. కనుబొమ్మ నుంచి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఎముక మీద మాత్రమే అదమండి, కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు.

నేను చేసిన తప్పేమిటంటే, కుట్లు పడ్డాయి కాబట్టి పని అయిపోయిందనుకున్నాను. మొహం మీద చిన్న గాయమైనా రక్తం ధారగా కారుతుంది. ఆ రక్తాన్ని చూసి అందరూ గాయం గురించే కంగారుపడ్డారు, కన్ను ఎలా ఉందని ఎవరూ అడగలేదు. మూడో రోజు రాత్రి చీకట్లో కంటి పక్కన చిన్న మెరుపు కనిపించింది. అప్పుడు టెన్షన్ పట్టుకుంది. డాక్టర్ చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనా (కంటి లోపలి వెనుక పొర) అంతా చూశారు, కంటి ప్రెషర్ కొలిచారు. చిరుగు లేదన్నారు, కానీ కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఇలాంటి దెబ్బ తర్వాత రెటీనా చిరుగు ఆలస్యంగా బయటపడొచ్చు. కంటిలోని నీరు బయటికి పోయే దారి దెబ్బతింటే కొన్నేళ్ల తర్వాత గ్లాకోమా (కంటి ప్రెషర్ పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) రావచ్చు. ఆ రోజు నాకు ఎవరూ చెప్పని మాట ఇదే, అందుకే మీకు ముందుగా చెబుతున్నాను.

ఇక అసలు ఏం జరుగుతుందో చూద్దాం. .308 తూటా ముందుకు దూసుకెళ్లిన క్షణంలో మూడున్నర కిలోల రైఫిల్ సెకనుకు మూడు మీటర్లకు పైగా వేగంతో వెనక్కి తన్నుతుంది. చాలా స్కోపులకు కన్ను ఉండాల్సిన దూరం, అంటే ఐ రిలీఫ్, 8 నుంచి 10 సెంటీమీటర్లు. ఆ కాస్త దూరాన్ని రైఫిల్ రెప్పపాటు కన్నా ముందే దాటేస్తుంది. కళ్లు మూసుకుందామనుకునేలోపే దెబ్బ తగిలిపోతుంది. చిన్న తూటాల .22 రైఫిల్ అలవాటున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే. అది దాదాపు తన్నదు కాబట్టి, స్కోపుకు కన్ను ఆనించినంత దగ్గరగా పెట్టినా ఏమీ కాదు. అదే అలవాటుతో పెద్ద రైఫిల్ పట్టుకుంటారు.

నా సంగతి చెబుతాను. ఆ రోజు రైఫిల్ నాది కాదు, నాకన్నా చాలా పొడవైన స్నేహితుడిది. స్కోప్ అతని మెడకు, అతని చేతులకు సరిపోయేలా బిగించి ఉంది. బెంచ్ మీద కూర్చుని మూడు రెట్ల మాగ్నిఫికేషన్‌లో నాలుగు రౌండ్లు కాల్చాను, ఏమీ కాలేదు. తర్వాత బోర్లా పడుకుని స్కోప్‌ను తొమ్మిది రెట్లకు తిప్పాను. బొమ్మ చుట్టూ నల్లటి వలయం వచ్చింది. అది పోయేదాకా తెలియకుండానే మెడ ముందుకు సాచాను. బొమ్మ నిండుగా కనిపించింది, ట్రిగ్గర్ నొక్కాను. తర్వాత గుర్తున్నది స్కోప్ అద్దం మీద రక్తం.

అందుకే మీకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి: స్కోప్ కోసం మెడ కదలకూడదు, మెడ కోసం స్కోపే కదలాలి. జూమ్ మారే చాలా స్కోపుల్లో మాగ్నిఫికేషన్ పెంచేకొద్దీ ఐ రిలీఫ్ తగ్గుతుంది, కన్ను పెట్టే చోటు కూడా ఇరుకవుతుంది. తక్కువ రెట్ల మీద సరిచూసుకుని, తర్వాత పెంచితే మెడ ముందుకు జరగక తప్పదు.

తర్వాత నాకు నేర్పిన కోచ్ స్కోప్ బిగించే పద్ధతి చూపించారు. రైఫిల్ ఖాళీగా ఉందని చాంబర్ (తూటా కూర్చునే గది) తెరిచి రెండుసార్లు చూసుకోవాలి. స్కోప్ రింగులు వదులు చేసి, మాగ్నిఫికేషన్ పూర్తిగా పెంచాలి. కాల్చేటప్పుడు వేసుకునే బట్టలే వేసుకోవాలి, మందపాటి కోటు వేసుకున్నా దూరం మారిపోతుంది. మీరు కాల్చే పొజిషన్లలో మెడ ఎక్కువగా ముందుకు వచ్చేది బోర్లా పడుకున్నప్పుడు, కాబట్టి ఆ పొజిషన్‌లోనే చూడాలి. కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఆనించి, చెంపను స్టాక్ (రైఫిల్ వెనుక భాగం) మీద హాయిగా వాల్చాలి. అప్పుడు కళ్లు తెరవాలి. తల కదపకుండా బొమ్మ అంచుల దాకా నిండుగా కనిపించాలి. లేకపోతే తలను కదపకుండా స్కోప్‌ను జరపాలి. ముందుకు జరుపుతూ పోతే ఒక చోట నల్లటి అంచు మొదలవుతుంది, అక్కడి నుంచి కొద్దిగా వెనక్కి తెస్తే బొమ్మ మళ్లీ నిండుగా వస్తుంది. అక్కడ బిగించాలి. నా రైఫిల్‌కు ఈ పని పూర్తవడానికి గంట పట్టింది. ఆ గంట అంత విలువైన గంట ఈ ఆటలో నాకు మరొకటి దొరకలేదు.

ఇక పట్టు. బట్‌ను (స్టాక్ వెనుక చివరను) భుజం గుంటలో, అంటే మెడ కింది కాలర్ బోన్‌కూ భుజం కీలుకూ మధ్యనున్న మెత్తటి చోట గట్టిగా ఆనించాలి. వదులుగా పట్టుకుంటే రైఫిల్‌కు పరుగు దొరుకుతుంది, ఆ పరుగుతోనే వచ్చి కొడుతుంది. నిలబడినప్పుడు పాదాలు భుజాల వెడల్పున ఉంచి, ట్రిగ్గర్ నొక్కే చేతికి అవతలి వైపు కాలు కాస్త ముందుకు వేసి, బరువు ముందరి పాదం వైపు వాల్చండి. నడుము వెనక్కి వంచి నిలబడితే తన్ను మిమ్మల్ని తోసేస్తుంది. తల నిటారుగా ఉంచి రైఫిల్‌నే చెంప దగ్గరికి తెచ్చుకోండి. బోర్లా పడుకున్నప్పుడు శరీరం రైఫిల్ వెనుక ఒకే వరసలో ఉండాలి. పక్కకు వంగి పడుకుంటే రైఫిల్ భుజం మీద జారి పైకి లేస్తుంది. బెంచ్ మీద చాలామంది ముందుకు వంగి కూర్చుంటారు, మెడ అక్కడే సాగుతుంది. రైఫిల్ పెట్టే స్టాండ్ ఎత్తు పెంచి నిటారుగా కూర్చోండి. ఎత్తు మీదున్న గురికి కాల్చేటప్పుడు బట్ కిందకు దిగి స్కోప్ కంటికి మరింత దగ్గరవుతుంది. అలాంటప్పుడు ప్రతి రౌండుకు ముందు మధ్యలో ఎంత ఖాళీ ఉందో చూసుకోండి.

స్కోప్ చివర రబ్బరు రింగు పెట్టుకుంటే సరిపోతుందా అని కొందరు అడుగుతారు. దెబ్బ పదును కాస్త తగ్గుతుందేమో గాని, మెడ తప్పు దిద్దదు. షూటింగ్ కళ్లద్దాలు మాత్రం తప్పకుండా పెట్టుకోండి. దూరం సరిగ్గా ఉంటే స్కోప్ వాటికి తగలనే తగలదు.

దెబ్బ తగిలాక ఇంకో సమస్య మొదలవుతుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ట్రిగ్గర్ నొక్కే ముందే ఒళ్లు బిగుసుకుని తల వెనక్కి గుంజుకుంటుంది. నాకు కొన్ని నెలలు అలాగే ఉంది. స్నేహితుడి చేత మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య పేలని డమ్మీ రౌండ్లు కలిపి పెట్టించుకునేవాణ్ని, ఏది వస్తుందో నాకు తెలియకుండా. డమ్మీ వచ్చినప్పుడు బ్యారెల్ ఊగితే నా భయం నాకే కనిపించేది. అది చూసి .22కి తిరిగి వెళ్లి, అక్కడి నుంచి మెల్లగా పైకొచ్చాను.

గాయం పూర్తిగా మానేదాకా, డాక్టర్ సరేననేదాకా .308 ముట్టుకోకండి. నేను ఆరు వారాలు ఆగాను. మళ్లీ మొదలుపెట్టిన రోజు నిలబడే, మూడు రెట్ల మీదే, పది రౌండ్లు కాల్చి ఆపేశాను.