పాత మెసేజీలు పోకుండా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి చాలామంది అడిగింది ఒకటే, చాట్‌లో ఉన్న మెసేజీలు పోకుండా ఎలా దాచుకోవాలి అని. దాదాపు ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారు ఈమధ్యే పోయారు. ఆయన ఏళ్ల తరబడి పంపిన మెసేజీలు, వాయిస్ మెసేజీలు నా వాట్సాప్‌లో ఉన్నాయి. నాది ఆండ్రాయిడ్ ఫోన్. రోజూ రాత్రి బ్యాకప్ అవుతోంది కాబట్టి భయం లేదని మా తమ్ముడు అంటున్నాడు, నాకేమో నమ్మకం కుదరడం లేదు.

జవాబు: మీ అనుమానమే నిజమండీ. బ్యాకప్ ఉండాల్సిందే, ఆపకండి. కానీ అది మీరు చదువుకోవడానికి తీసేది కాదు, యాప్ చదువుకోవడానికి తీసేది. ఆ ఫైల్ మీ చేతికిచ్చినా మీరు తెరవలేరు. అదే నంబరుతో, అదే గూగుల్ అకౌంటుతో వాట్సాప్ మళ్లీ వేసుకున్నప్పుడు మాత్రమే అది పనికొస్తుంది. ఇంకో చిక్కు, ఈ రోజు పొరపాటున ఆ చాట్ క్లియర్ అయిపోయి, మీరు గమనించేలోపు రాత్రి బ్యాకప్ కూడా అయిపోయిందనుకోండి, బ్యాకప్ దాచే గూగుల్ డ్రైవ్‌లో ఉన్న పాత కాపీ పోయి ఆ చాట్ లేని కొత్త కాపీ వచ్చి కూర్చుంటుంది. ఫోన్‌లోనే విడిగా ఉండే కాపీలు కూడా చివరి వారం రోజులవే.

మీకు కావాల్సింది ఎక్స్‌పోర్ట్, అంటే చాట్‌ని మీరే తెరిచి చదువుకోగలిగే విడి ఫైల్‌గా బయటికి తీయడం. నాన్నగారి చాట్ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కి, 'మోర్'లోకి వెళ్తే 'ఎక్స్‌పోర్ట్ చాట్' కనిపిస్తుంది. ఒకవేళ ఒప్పుకోకపోతే ఆ చాట్‌కి ఎక్స్‌పోర్ట్‌ని అడ్డుకునే 'అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ' అనే సెట్టింగ్ ఆన్ అయి ఉందేమో చూసి ఆఫ్ చేయండి. మీడియాతోనా, లేకుండానా అని అడుగుతుంది. రెండు రకాలుగానూ విడివిడిగా తీయండి, ఎందుకంటే మీడియాతో తీస్తే చివరి 10,000 మెసేజీల వరకే వస్తాయి, మీడియా లేకుండా అయితే 40,000 వరకు. వచ్చేది మామూలు టెక్స్ట్ ఫైల్, ప్రతి వరుసలో తేదీ, సమయం, పేరు, మాట ఉంటాయి. పేరు మీరు కాంటాక్ట్స్‌లో ఎలా సేవ్ చేసుకుంటే అలాగే వస్తుంది, కాబట్టి ఎక్స్‌పోర్ట్ అయ్యేదాకా ఆయన నంబరు తీసేయకండి, తీసేస్తే 'నాన్న' అని ఉండాల్సిన చోట నంబరు వస్తుంది.

ఫైల్ రాగానే తెరిచి మొదటి తేదీ చూడండి. చాలామంది చేయనిది ఇదే, ఫైల్ వచ్చిందిగా అని ఊరుకుంటారు. మీకు గుర్తున్న పాత రోజుల దాకా అది వెళ్లకపోతే పరిమితి దాటిపోయిందన్నమాట. దానికంటే వెనకవాటిలో ముఖ్యమైనవి స్క్రీన్‌షాట్లు తీసుకోవాల్సిందే, యాప్‌లో వేరే దారి లేదు. కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు గజిబిజిగా కనిపిస్తే కంగారు పడకండి, ఫైల్ పాడవలేదు, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో (కంప్యూటర్ అక్షరాల్ని చదివే ఒక పద్ధతి) తెరిస్తే సరిపోతుంది.

గొంతు విషయానికొస్తే ఇంకాస్త జాగ్రత్త కావాలి. వాయిస్ మెసేజీలు మీ ఫోన్‌లోనే 'ఆండ్రాయిడ్', 'మీడియా', 'కామ్.వాట్సాప్', 'వాట్సాప్', 'మీడియా' అని వరుసగా లోపలికి వెళ్తే 'వాట్సాప్ వాయిస్ నోట్స్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేసేయండి, దీనికి ఆ 10,000 లెక్క అడ్డు రాదు. పేచీ ఏంటంటే అందులో అందరివీ కలిసే ఉంటాయి, ఏది ఎవరిదో రాసి ఉండదు. ఫైల్ పేరులో తేదీ మాత్రం ఉంటుంది, దాన్ని టెక్స్ట్ ఫైల్‌లోని తేదీలతో పోల్చుకుంటూ ఏరుకోవాలి. ఓపిక కావాల్సిన పని, తమ్ముడికి అప్పగించండి. ఇవి ఓపస్ రకం ఫైళ్లు, వీఎల్‌సీ ప్లేయర్‌లో వినిపిస్తాయి.

అన్నీ అయ్యాక ఒక కాపీ కంప్యూటర్‌లో, ఇంకోటి విడిగా ఒక డిస్క్‌లోనో పెన్ డ్రైవ్‌లోనో పెట్టండి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ని తిరిగి వాట్సాప్‌లోకి ఎక్కించడం కుదరదు, అది చదువుకోవడానికే. దానికి తాళం కూడా ఉండదు, ఎవరి చేతిలో పడితే వాళ్లు చదివేయగలరు.

ప్రశ్న: గూగుల్ స్టోరేజ్ నిండిపోయిందని వస్తోంది, వాట్సాప్ బ్యాకప్ ఆగిపోయింది. ఇంతకుముందు ఈ గొడవ ఉండేది కాదు కదా?

జవాబు: అవును, ఉండేది కాదు. ఆండ్రాయిడ్‌లో ఇదివరకు వాట్సాప్ బ్యాకప్‌ని గూగుల్ లెక్కలోకి తీసుకునేది కాదు. 2024 నుంచి ఉచితంగా ఇచ్చే 15 జీబీలో అది కూడా కలిసిపోయింది, జీమెయిల్, ఫోటోలు, బ్యాకప్ అన్నీ ఒకే చోట. చాలావరకు బరువంతా వీడియోలదే. సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ దగ్గర 'ఇన్‌క్లూడ్ వీడియోస్' ఆపేయండి, ఆ తర్వాత 'మేనేజ్ స్టోరేజ్'లో పెద్ద ఫైళ్లు చూసి గ్రూపుల్లో వచ్చిన చెత్త తీసేయండి. తర్వాత చూద్దాంలే అని వదిలేయొద్దు, ఐదు నెలలు అప్‌డేట్ కాని బ్యాకప్‌ని గూగుల్ తనంతట తాను తీసేసే అవకాశం ఉంది.

ప్రశ్న: ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారాను. ఐఫోన్‌లో వాట్సాప్ వేసుకుంటే చాట్‌లన్నీ ఖాళీ. డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది, రావడం లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: రాదు. గూగుల్ డ్రైవ్‌లోని బ్యాకప్‌ని ఐఫోన్ తీసుకోదు, ఐక్లౌడ్‌లోని దాన్ని ఆండ్రాయిడ్ తీసుకోదు. మీరు వెళ్లాల్సిన దారి ఆపిల్ వాళ్ల 'మూవ్ టు ఐఓఎస్' యాప్, వాట్సాప్‌కి అది 2022 నుంచి పనిచేస్తోంది. ఐఫోన్ కొత్తదిగా ఉన్నప్పుడో, రీసెట్ చేసినప్పుడో మాత్రమే కుదురుతుంది, నంబరు కూడా అదే ఉండాలి. పాత ఫోన్ మీ దగ్గరే ఉండి, అందులో వాట్సాప్ తీసేయకపోతే నష్టమేమీ జరగలేదు. ముందుగా ఐఫోన్‌లో ఈ కొద్ది రోజుల్లో వచ్చిన ముఖ్యమైన చాట్‌లు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఫోటోల్లాంటివి కూడా వేరే చోట దాచండి. తర్వాత పాత ఫోన్‌లో మళ్లీ లాగిన్ అయి చాట్‌లు ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోండి. ఆ తర్వాతే ఐఫోన్ రీసెట్ చేసి మొదటి నుంచి మొదలుపెట్టండి. రెండు ఫోన్లూ ఛార్జింగ్‌లో ఉంచి, మధ్యలో కదిలించకుండా వదిలేయండి. పాత ఫోన్‌ని ఎవరికైనా ఇచ్చేయాలనుకుంటే అన్నీ వచ్చాయని తేలేదాకా ఆగండి.

ప్రశ్న: బ్యాకప్‌కి పెట్టిన పాస్‌వర్డ్ మర్చిపోయాను. కంపెనీకి రాస్తే ఇస్తారా?

జవాబు: ఇవ్వరు, వాళ్ల దగ్గరా ఉండదు. 2021లో వచ్చిన ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ (మీ తాళంతో తప్ప కంపెనీ కూడా తెరవలేనిది) పని చేసే తీరే అది, పాస్‌వర్డో 64 అంకెల కీయో మీ దగ్గరే ఉండాలి. ఫోన్‌లో వాట్సాప్ ఇంకా నడుస్తోందా? అయితే బతికిపోయారు, అదే సెట్టింగ్‌లోకి వెళ్లి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోండి, ఈ పని ఇప్పుడే చేసేయండి. ఫోన్ కూడా పోయి ఉంటే ఆ బ్యాకప్ మీద ఆశ వదులుకోవాల్సిందే. డబ్బు తీసుకుని తెరిచిపెడతామని ఎవరైనా అంటే నమ్మకండి.

ప్రశ్న: టెలిగ్రామ్‌కి బ్యాకప్ అక్కర్లేదంటారు, నిజమేనా?

జవాబు: సగం నిజం. మామూలు చాట్‌లు వాళ్ల సర్వర్లలోనే ఉంటాయి, ఫోన్ మార్చినా వచ్చేస్తాయి. సీక్రెట్ చాట్‌లు అలా కాదు, అవి ఆ ఫోన్‌లోనే ఉంటాయి, అక్కడే పోతాయి. సర్వర్‌లో ఉండటం వేరు, మీ దగ్గర ఉండటం వేరు. అకౌంట్ పోతే మామూలు చాట్‌లు కూడా పోయినట్టే. కంప్యూటర్‌లో టెలిగ్రామ్ డెస్క్‌టాప్ వేసుకుంటే సెట్టింగ్స్‌లో 'ఎక్స్‌పోర్ట్ టెలిగ్రామ్ డేటా' ఉంటుంది. చదువుకోవడానికైతే హెచ్‌టీఎంఎల్ ఎంచుకోండి, బ్రౌజర్‌లో చక్కగా తెరుచుకుంటుంది. భద్రత కోసం కొన్నిసార్లు ఒక రోజు ఆగమంటుంది, రేపటి అవసరానికి ఇవాళ కూర్చుంటే కుదరకపోవచ్చు.

ప్రశ్న: నేను చాట్ ఎక్స్‌పోర్ట్ చేస్తే అవతలివాళ్లకి తెలుస్తుందా?

జవాబు: వాట్సాప్‌లో అయితే తెలియదు, నోటిఫికేషన్ ఏమీ వెళ్లదు. మీ దగ్గర దాచుకోవడానికైతే ఎవరినీ అడగక్కర్లేదు. వేరేవాళ్లకి పంపేటట్టయితే మాత్రం అందులో సగం మాటలు మీవి కావు, అడిగి పంపండి.