మైనర్ లీగ్‌కి పంపొద్దని కాదు, ఎంతిచ్చి పంపుతారో అడగండి

ప్రశ్న: గుంటూరు నుంచి వచ్చి ఎడ్మంటన్‌లో స్థిరపడ్డాం. మా అబ్బాయి ఐస్ హాకీ ఆటగాడు, డబ్ల్యూహెచ్‌ఎల్ అనే జూనియర్ లీగ్‌లో మూడు సీజన్లు ఆడాడు. నిరుడు పెద్ద లీగైన ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునేచోట, నాలుగో రౌండ్‌లో ఒక జట్టు వాణ్ణి తీసుకుంది. ఈ నవంబరుకి 20 నిండుతాయి. ఇప్పుడు మూడేళ్ల కాంట్రాక్ట్ ఇస్తామంటున్నారు కానీ కనీసం రెండేళ్లు దాని కింది లీగైన ఏహెచ్‌ఎల్‌లో ఆడాలట. మైనర్ లీగ్‌కి పంపకూడదని రాయించుకోవచ్చా? వాళ్లమ్మేమో సంతకం వద్దు, చదువుకోనివ్వండి అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: రాయించుకోలేరండీ. మొదటి కాంట్రాక్ట్‌కి, అంటే ఎంట్రీ లెవెల్ కాంట్రాక్ట్‌కి, నియమాలన్నీ లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందంలోనే ఉంటాయి. పైజట్టులోనే ఉంచాలనే షరతుకి అందులో చోటు లేదు. డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన కుర్రాడికైనా అంతే. ఏజెంట్‌తో ఈ విషయం మీద వాదించి టైం పోగొట్టుకోకండి. బేరమాడాల్సింది వేరే ఉంది.

ఈ కాంట్రాక్ట్‌లో రెండు జీతాలుంటాయి. అబ్బాయి ఎన్‌హెచ్‌ఎల్ జట్టులో ఉన్న రోజులకి ఒకటి, ఏహెచ్‌ఎల్‌లో ఉన్న రోజులకి ఇంకొకటి. 2024 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా వెళ్లిన మాక్లిన్ సెలెబ్రినీకి దొరికిన గరిష్ఠ మొత్తం, ఆటతీరు బోనస్‌లు కాకుండా, ఏడాదికి 9.75 లక్షల డాలర్లు. బంధువుల ముందు అందరూ చెప్పుకునేది ఇలాంటి అంకే. కానీ సీజన్ దాదాపు 190 రోజులు, జీతం రోజు లెక్కన కడతారు. పైజట్టులో రోజుకి ఐదు వేల డాలర్ల లెక్క పడితే, కింద ఏడాదికి 80-85 వేల లోపే కాబట్టి రోజుకి నాలుగైదు వందలు. రెండేళ్లు ఏహెచ్‌ఎల్ అని వాళ్లే ముందుగా చెబుతున్నప్పుడు ఆ పెద్ద అంకెతో మీ అబ్బాయికి ఇప్పట్లో పనేమీ లేదు.

పనికొచ్చేది సైనింగ్ బోనస్, అంటే సంతకం పెట్టినందుకు ఇచ్చే డబ్బు. ఆ పెద్ద ఎన్‌హెచ్‌ఎల్ మొత్తంలో 10 శాతం దాకా ప్రతి ఏడాదీ ఇవ్వొచ్చు. అబ్బాయి పైన ఆడినా కింద ఆడినా ఆ డబ్బు చేతికొస్తుంది. 80 వేల జీతం మీద 90 వేల బోనస్ పడితే ఆదాయం రెట్టింపు దాటింది. నాలుగో రౌండ్ కుర్రాళ్లకి ఇది అడక్కుండా రాదు. పైగా జట్టు మనసులో ఏముందో కూడా దీంతోనే తెలుస్తుంది. మూడేళ్లూ బోనస్ పెట్టిన జట్టు ఆ కుర్రాణ్ణి మర్చిపోదు. ఒక్క ఏడాదికే పెట్టి, కింద జీతం కూడా తక్కువే రాశారంటే, కాంట్రాక్టుల లెక్కలో ఒక పేరు నింపుకుంటున్నారేమో అని నేను అనుమానిస్తాను. ఒక జట్టు 50 కాంట్రాక్టుల దాకా పెట్టుకోవచ్చు, పైన ఉండేది 23 మందే.

ఇక ఏహెచ్‌ఎల్ అంటే చిన్నచూపు వద్దు. ఇవాళ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడుతున్నవాళ్లలో దాదాపు 90 శాతం ఆ దారినే వచ్చారు. బ్రిటిష్ కొలంబియాలోని సర్రే కుర్రాడు అర్ష్‌దీప్ బెయిన్స్‌ని చూడండి. డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ పిలవలేదు. 2021-22లో రెడ్ డీర్ రెబెల్స్ తరఫున డబ్ల్యూహెచ్‌ఎల్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు కొట్టాడు. ఆ సీజన్‌లోనే ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ కానక్స్ కాంట్రాక్ట్ ఇచ్చింది. వాళ్ల ఏహెచ్‌ఎల్ జట్టు ఉండే అబాట్స్‌ఫర్డ్‌లో ఆడి 2024 ఫిబ్రవరిలో పైజట్టులో అడుగుపెట్టాడు. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. 2025లో అబాట్స్‌ఫర్డ్ ఏహెచ్‌ఎల్ టైటిలైన కాల్డర్ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. మొదటి కొన్నేళ్లు వేవర్స్ భయం, అంటే కిందికి పంపేటప్పుడు వేరే జట్టు ఎగరేసుకుపోతుందనే భయం, లేకుండా కుర్రాళ్లని కిందికి పంపొచ్చు కాబట్టి ఈ రాకపోకలు తప్పవు. ప్రతిసారీ వాడు ఓడిపోయినట్టు ఇంట్లో మాట్లాడకండి. ఫోన్లో మీ గొంతు మారినా వాడికి తెలిసిపోతుంది.

మీ ఊళ్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఆయిలర్స్ 2019లో ఎనిమిదో పిక్‌గా తీసుకున్న ఫిలిప్ బ్రోబర్గ్ 2023-24లో ఎక్కువ భాగం వాళ్ల ఏహెచ్‌ఎల్ జట్టు ఉండే బేకర్స్‌ఫీల్డ్‌లోనే గడిపాడు. ప్లేఆఫ్స్‌లో పైకొచ్చి ఎన్‌హెచ్‌ఎల్ టైటిలైన స్టాన్లీ కప్ ఫైనల్ దాకా ఆడాడు. ఆ ఆగస్టులో సెయింట్ లూయిస్ జట్టు ఏడాదికి సుమారు 45.8 లక్షల డాలర్ల చొప్పున రెండేళ్లకి ఆఫర్ షీట్ (వేరే జట్టు ఆటగాడికి ఇచ్చే ఆఫర్) పెడితే, అంత ఇచ్చి నిలుపుకోకుండా ఎడ్మంటన్ వదులుకుంది. కింద ఆడినంత మాత్రాన బేరంలో బలం పోదు. మొదటి కాంట్రాక్ట్ ముగిశాకే అసలు బేరం మొదలవుతుంది.

ఇప్పుడు అమ్మగారి మాట. దాన్ని కొట్టిపారేయకండి. 2025 ఆగస్టు 1 నుంచి డబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఆడినవాళ్లు కూడా అమెరికా యూనివర్సిటీల్లో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంస్థ) హాకీ ఆడొచ్చు. డబ్ల్యూహెచ్‌ఎల్ జట్టు మెడిసిన్ హ్యాట్ నుంచి గావిన్ మెకెన్నా పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లింది అలాగే. ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టిన రోజున ఆ తలుపు మూసుకుంటుంది. కాలేజీకి వెళ్లినంత మాత్రాన డ్రాఫ్ట్ చేసిన జట్టు హక్కులు వెంటనే పోవు. ఏహెచ్‌ఎల్‌లో 72 మ్యాచ్‌లు, బస్సు ప్రయాణాలు. కాలేజీలో మ్యాచ్‌లు దాదాపు సగమే, జిమ్‌కి టైం ఎక్కువ. ఇంకా బరువు పెరగాల్సిన కుర్రాడికి అదే మేలు.

నా మొగ్గు చెబుతాను. మూడేళ్లూ చెప్పుకోదగ్గ బోనస్, కింద జీతం గరిష్ఠానికి దగ్గరగా ఉంటే సంతకం పెట్టించండి. లేదంటే కాలేజీ. ఆ జట్టు ఏహెచ్‌ఎల్ కోచ్‌తో అబ్బాయే మాట్లాడాలి, మీరు కాదు. ఒక్కో మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఆడిస్తారు, పవర్ ప్లేలో (ఎదుటి జట్టుకి పెనాల్టీ వల్ల ఒకరు తగ్గినప్పుడు) ఉంటాడా, అదే పొజిషన్‌లో వాడికంటే ముందు ఎవరున్నారు, చోటు లేకపోతే ఇంకా కింది లీగైన ఈసీహెచ్‌ఎల్‌కి పంపుతారా అని అడగమనండి. ఏజెంట్ ఆటగాళ్ల సంఘం (ఎన్‌హెచ్‌ఎల్‌పీఏ) గుర్తింపు ఉన్నవాడేనా చూసుకోండి. వాళ్ల కమిషన్ మామూలుగా 3 నుంచి 5 శాతం ఉంటుంది.

ఇంకొక్కటి. డబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక ఏడాది ట్యూషన్, పుస్తకాల ఖర్చు లీగ్ స్కాలర్‌షిప్‌గా వస్తుంది. మీ వాడికి మూడేళ్లు జమయ్యాయి. ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ పెట్టుకున్నాక అది ఎంతకాలం నిలుస్తుందో, ఎప్పటిలోపు చేరాలో లీగ్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ కాగితం వచ్చేదాకా సంతకం ఆపండి.