చేతికి కట్టే సెన్సార్‌తో పార్కిన్సన్స్ మందు డోసు సరిచేయొచ్చా?

చిత్తూరు నుంచి తిరుపతి స్విమ్స్‌కు తీసుకెళ్తే డాక్టరు ముందు నాన్నగారు చక్కగా నడుస్తారు, ఇంటికొచ్చాక బిగుసుకుపోతారు, సెన్సార్ వాచీతో లాభముంటుందా అని అడిగారు. ఉంటుంది. సరిగ్గా ఈ చిక్కు కోసమే అవి వచ్చాయి.

పార్కిన్సన్స్‌కు వాడే ముఖ్యమైన మందు లెవోడోపా రక్తంలో ఎక్కువసేపు నిలవదు. జబ్బు ముదిరేకొద్దీ ఒక డోసు ప్రభావం తర్వాతి డోసు దాకా ఆగదు. అప్పుడు ఒళ్లు బిగుసుకుపోయి, నెమ్మదించి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమే. మోతాదు ఎక్కువైతే ఒళ్లు తనంతట తానే మెలికలు తిరుగుతుంది. ఇంట్లోవాళ్లు దీన్నీ వణుకే అనుకుంటారు. కానీ సాధారణంగా బిగుతుకు మందు పెంచాలి లేదా దగ్గర దగ్గరగా ఇవ్వాలి, మెలికలకు తగ్గించాలి!

ఆస్ట్రేలియాలో రూపొందిన పర్సనల్ కైనెటిగ్రాఫ్ అనే వాచీని ఆరేడు రోజులు కట్టుకుంటారు. అది ప్రతి 2 నిమిషాలకూ నెమ్మదితనాన్ని, అదుపులేని కదలికలను విడివిడిగా లెక్కగడుతుంది. మాత్ర వేళకు వైబ్రేట్ అవుతుంది; వేసుకున్నాక వాచీ మీద వేలు పెట్టాలి. దాంతో ఏ మాత్ర ఎంతసేపు పనిచేసిందో గ్రాఫులో తెలుస్తుంది. మధ్యాహ్నం మాత్ర పట్టడం లేదని కనబడితే భోజనం సంగతీ అడగాలి: పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్ లెవోడోపాకు అడ్డొస్తుంది.

ఈ జబ్బులో వచ్చే దిగులు, మలబద్ధకం వాచీకి అందవు. మామూలు ఫిట్‌నెస్ బ్యాండ్ డోసు నిర్ణయానికి చాలదు. వాచీ దొరక్కపోతే మాత్ర టైమ్, బిగుసుకున్న టైమ్ నోటుబుక్కులో రాసి, అప్పుడే ఫోన్‌లో వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. హఠాత్తుగా మానితే తీవ్ర జ్వరం, బిగుతు వచ్చి ప్రాణం మీదకు రావచ్చు.