ఫ్లాట్‌బెడ్ లారీ అంటే ఏమిటి? తెలుగులో దాన్ని ఏమంటారు?

చుట్టూ గోడలూ, పైన కప్పూ లేకుండా, వెనక అంతా బల్లపరుపుగా ఉండే సరుకు బండే ఫ్లాట్‌బెడ్. ఇంగ్లీషులో ‘ఫ్లాట్’ అంటే చదును, ‘బెడ్’ అంటే ఇక్కడ సరుకు పెట్టే తలం. మంచానికి సంబంధం లేదు.

మన దగ్గర ఈ మాట రవాణా ఆఫీసుల్లోనే ఎక్కువగా వినిపిస్తుంది. రోడ్డు మీద జనం మామూలుగా ‘ట్రైలర్’ అంటారు. నిజానికి ట్రైలర్ అంటే ఇంజన్ ఉన్న ముందు బండి లాక్కెళ్లే వెనక భాగం. అది చదునుగానే ఉండాలని లేదు, ట్యాంకర్ కూడా కావచ్చు. అలాగే ఇంజనూ, సరుకు తలమూ ఒకే చాసిస్ (బండి అడుగు చట్రం) మీద కట్టిన చిన్న ఫ్లాట్‌బెడ్లూ ఉంటాయి. కాబట్టి రెండు మాటలూ ఒకటి కాదు.

గోడలు ఎందుకు వద్దంటే, క్రేన్‌తో పైనుంచి, ఫోర్క్‌లిఫ్ట్‌తో పక్కనుంచి సరుకు ఎక్కించే వీలు ఉండాలి. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి వెళ్లే ఇనుప చువ్వలు, చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలు మామూలు లారీ బాడీలో పెట్టడం, దించడం చాలా కష్టం. ప్రొక్లెయినర్ లాంటి ఎత్తైన యంత్రాలకైతే తలం ఇంకా కిందికి ఉండే ‘లోబెడ్’ వాడతారు.

గోడలు లేవు కాబట్టి గొలుసులు, బెల్టులే ఆధారం. చువ్వలు బండి దాటి వెనక్కి పొడుచుకొచ్చి ఉంటే, రాత్రిపూట వెనక వచ్చే బైకు మనిషికి అవి కనబడవు. అలాంటి బండి కనిపిస్తే దయచేసి బాగా దూరం పాటించండి.