తాతగారి మిలటరీ బట్టలు ఉతకాలా, అలాగే ఉంచాలా?

పర్లాకిమిడి నుంచి అడిగారు కదా: బర్మా యుద్ధానికి వెళ్లొచ్చిన తాతగారి పచ్చ చొక్కా, ఉన్ని కోటు ట్రంకుపెట్టెలో దొరికాయి, ముక్కిన వాసన వస్తున్నాయి, ఫ్రేమ్ కట్టించే ముందు ఉతికించాలా, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాలా అని. నన్నడిగితే చొక్కా ఉతకొద్దు. కోటుకైతే నీళ్లు అసలు తగలనివ్వకండి. దుమ్ము మాత్రం దులపాల్సిందే. అందులోని సన్నటి ఇసుక మడతల్లో చేరి పోగుల్ని కోసేస్తుంది.

మాది బరంపురం. మా పెదతాతగారు కూడా ఆ యుద్ధానికే వెళ్లారు. ఆయన చొక్కా, నడుం బెల్టు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. ఆ పిచ్చితోనే పాత సామాన్ల వాళ్ల దగ్గర దొరికినవి కూడా పోగేస్తుంటాను, ఇంట్లో వాళ్లు తిట్టుకుంటున్నా.

బర్మా అడవుల్లో ఖాకీ ఇట్టే కంటపడుతోందని 1943 ప్రాంతంలో సైన్యం ఆకుపచ్చకి మారింది. మొదట్లో చాలా ఖాకీ బట్టలకే పచ్చరంగు అద్ది పంచిపెట్టారు. ఆ రంగుకి నిలకడ తక్కువ. మా చొక్కా కాలరు కింద, ఎవరికీ కనపడని చోట, తడిపిన తెల్ల నూలు గుడ్డ కాసేపు ఒత్తి చూశాను. గుడ్డకి లేత పచ్చ అంటుకుంది. మా వీధిలో పట్టు నేసే పెద్దాయనకి చూపిస్తే, "నీళ్లలో ముంచావంటే ఇక దీని సంగతి అంతే బాబూ" అన్నారు. ఈ పరీక్ష మీరూ చేయండి. రంగు, దారం, రిబ్బను, దేనికది విడివిడిగా చూడాలి. మెడల్ రిబ్బన్ల రంగులు ఒకదాంట్లోకి ఒకటి దిగిపోతే మళ్లీ బాగుచేయలేం.

కాలరు లోపల చూశారా? మా దాంట్లో నల్లజీడి రసంతో పెట్టిన ధోబీ గుర్తు, పక్కనే సిరాతో రాసిన నంబరు సగం చెరిగి ఉన్నాయి. నల్లజీడి మరక ఎన్ని ఉతుకులకైనా చెక్కుచెదరదు. సిరా అలా కాదు. ఆ నంబరు పోతే అది ఎవరి చొక్కానో చెప్పే ఆధారమే పోతుంది. ముందు పగటి వెలుగులో దగ్గరగా ఫొటోలు తీసి పెట్టుకోండి.

సర్ఫు పౌడర్‌తో ఇంకో చిక్కుంది. ఇప్పటి పౌడర్లలో తెల్లదనం కోసం కలిపే పదార్థం అల్ట్రావయొలెట్ లైటు కింద నీలంగా మెరుస్తుంది. ఇలాంటివి సేకరించేవాళ్లు నకిలీ బట్టని పట్టుకోవడానికి ఆ లైటే వేసి చూస్తారు, మెరిస్తే కొత్త బట్టేమో అనుకుంటారు. అసలు సిసలైన చొక్కాని మన చేతులారా అనుమానంలో పడేసినట్టవుతుంది. డ్రై క్లీనింగ్ జిడ్డుని తీస్తుంది కానీ, చెమటలోని ఉప్పు నీళ్లలో తప్ప కరగదు. పైగా వాళ్ల వేడి ప్రెస్ కింద పాత ఉన్ని నలిగిపోతుంది.

ఇక వాసన సంగతి. నీడలో, గాలి తగిలేచోట బట్ట పరిచి ఆరనివ్వండి. ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే గొట్టం మూతికి దోమతెర ముక్క కట్టి, తక్కువ స్పీడులో పెట్టండి. బూజు కనిపిస్తే ఇంటి బయట, మాస్కు వేసుకుని దులపాలి.

కోటులో చిన్న చిన్న కన్నాలుంటే ఉన్నిని తినే చిమ్మట పురుగు పట్టినట్టే. కలరా ఉండలు గుప్పిస్తే సరిపోదు, గుడ్లు మిగిలిపోతాయి. ఆ ఉండలు ప్లాస్టిక్ గుండీలకి తగిలితే గుండీలు కూడా పాడవుతాయి. నేనైతే కోటుని రెండు పాలిథీన్ కవర్లలో చుట్టి, గాలి తీసేసి, ఐస్‌క్రీం షాపు మిత్రుడి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల కంటే చల్లగా రెండు వారాలు ఉంచాను. (గోపాల్‌పూర్‌లో చేపల ఫ్రీజర్ ఇస్తామన్నారు, దండం పెట్టేశాను.) బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. అప్పుడే చెమ్మ కవరు మీద పడుతుంది, బట్టకి పట్టదు.

ఇత్తడి గుండీలకి బ్రాసో పాలిష్ వద్దు. ఆ తెల్లటి మడ్డి చుట్టూ బట్టలోకి ఇంకి ఉండిపోతుంది, గుండీ మీది బొమ్మ కూడా అరిగిపోతుంది. పచ్చ చిలుము పొడిగా ఉంటే వెదురు పుల్లతో మెల్లగా గీకితే చాలు. కాన్వాస్ బెల్టుకి పూసిన బ్లాంకో రంగు కూడా నీళ్లకి పోయేదే, దాన్నీ తడపొద్దు.

రంగు దిగని, గట్టిగా ఉన్న మామూలు నూలు చొక్కా, చెమటతో అట్టకట్టినదైతే నేనూ ఉతుకుతాను. బోరు నీళ్లు కాకుండా ఆర్‌ఓ నీళ్లతో, రంగూ సెంటూ లేని మెత్తటి లిక్విడ్ రెండు చుక్కలతో, వల మీద పరిచి, పిండకుండా. గంజి పెట్టకండి, వెండిచేప పురుగులకి విందు చేసినట్టే.

ఫ్రేమ్ కట్టిస్తే బట్ట అద్దానికి ఆనకూడదు, వెనక యాసిడ్ లేని అట్ట వేయించండి. సముద్రపు తేమ మనవైపు ఎక్కువ కాబట్టి బయటి గోడకి మాత్రం తగిలించకండి. రక్తపు మరకలున్నా, రిబ్బన్లు చీలికలవుతున్నా ఇంట్లో ప్రయోగాలు మాని, భువనేశ్వర్‌లో ఇంటాక్ (వారసత్వ సంపదని కాపాడే సంస్థ) వాళ్ల కన్జర్వేషన్ సెంటర్‌ని ముందు ఫొటోలతో అడగండి.