ఎంపిక కమిటీలో చేరిన మేనల్లుడికి

విజయవాడ, సత్యనారాయణపురం.

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గుంటూరు జిల్లా అండర్-16 జట్టు ఎంపికలో ఈసారి నువ్వూ కూర్చుంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పత్రికలో ఉన్నంతకాలం ఒకపక్క రంజీ జట్ల ప్రకటనలు, మరోపక్క ఎన్నికల టికెట్ల జాబితాలు రాసినవాణ్ణి గనుక, అక్కడి పద్ధతుల్లో నీకు పనికివచ్చేవేవో, దరిచేరనీయకూడనివేవో చెప్పాలనిపించింది.

కాగితం మీద ముందు పేర్లు రాయవద్దు, స్థానాలు రాసుకో. ఓపెనర్లు ఇద్దరు, కీపర్లు ఇద్దరు, కొత్త బంతి పంచుకునేవాళ్ళు, ఎడమచేతి స్పిన్నర్, ఇలా పదిహేను ఖాళీలు గీసుకున్న తర్వాతే నెట్స్ దగ్గరికి వెళ్ళు. వీపుకు నంబరు తగిలించుకుని వచ్చిన కుర్రాడికి ట్రయల్స్‌లో దక్కేది కొద్ది బంతులే. వాటిలో రెండింటిని వల అవతలికి కొట్టినవాడు అందరి కంటా పడతాడు. ఆఫ్ స్టంప్ బయట పడ్డదాన్ని బ్యాటు పైకెత్తి నిదానంగా వదిలేసినవాణ్ణి గమనించేవాళ్ళు తక్కువ. నీ కాగితంలో ఓపెనర్ ఖాళీ ఉంటేనే ఆ రెండోవాడు నీకు కనిపిస్తాడు.

పార్టీల జాబితా లెక్క వేరు. మన శాసనసభలోని 175 స్థానాల్లో ఎస్సీలకు 29, ఎస్టీలకు 7 కేటాయించారు. మిగిలినచోట్ల కూడా ఏ సామాజిక వర్గానికి ఎన్ని టికెట్లు ఇచ్చారని జనం లెక్క చూస్తారు, చూడటం సమంజసమే, ఎందుకంటే సభ అనేది ప్రాతినిధ్యం కోసమే ఉంది. జట్టుకు ఆ బాధ్యత లేదు. మా మండలం నుంచి ఒక్కడూ లేడని ఎవరైనా నిలదీస్తే, ఆ మండలం కుర్రాళ్ళను నువ్వు నిజంగా చూశావా లేదా అన్నదానికి మాత్రమే జవాబు చెప్పు.

ఇక ప్రకటన సంగతి. 2019 ఏప్రిల్ 11న మన పోలింగ్ ముగిసింది, 15న ప్రపంచకప్ జట్టు వచ్చింది, దాంతో టీ కొట్ల దగ్గర ఓట్ల లెక్కలు కాసేపు ఆగిపోయాయి. జట్టును ప్రకటించిన సెలక్షన్ కమిటీ ఛైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్, చోటు దక్కని అంబటి రాయుడు ఇద్దరూ గుంటూరువాళ్ళే. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేయగలడంటూ విజయ్ శంకర్‌ను తీసుకోవడం, నన్నడిగితే, తర్కం లేని నిర్ణయమేమీ కాదు. అయితే బ్యాటింగ్‌లో నాలుగో స్థానం రాయుడిదేనన్న ధోరణిలో కెప్టెన్ కోహ్లీ 2018 అక్టోబరులోనే మాట్లాడి ఉన్నాడు. ఆ మాట ఎందుకు మారిందో వివరించవలసిన చోట ప్రసాద్ నోట, ఆ మూడు నైపుణ్యాల గురించే, ‘త్రీ డైమెన్షన్స్’ అన్న మెరుపు మాట వినపడింది, మర్నాడు రాయుడు త్రీడీ కళ్ళద్దాలు ఆర్డరిచ్చానని ట్వీట్ చేశాడు, జనం ఆ రెండే గుర్తుపెట్టుకున్నారు. అసలు దెబ్బ తర్వాత తగిలిందని నా అభిప్రాయం. రాయుణ్ణి స్టాండ్‌బైగా, అంటే ఎవరైనా తప్పుకుంటే పిలిచే ఆటగాడిగా, ప్రకటించి, విజయ్ శంకర్ గాయపడినప్పుడు ఆ జాబితాలోనే లేని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జులై 3న రాయుడు రిటైర్మెంట్ ప్రకటించాడు (ఆ తర్వాత వెనక్కి తీసుకున్నాడనుకో). కాబట్టి స్టాండ్‌బైల పేర్లు రాస్తే, ఏ స్థానం ఖాళీ అయితే ఎవరిని పిలుస్తారో కూడా పక్కనే రాసి ఉంచు. పార్టీవాళ్ళు బీఫారంలోనే, అసలు అభ్యర్థి నామినేషన్ చెల్లకపోతే ఎవరన్నది రాసిస్తారు. వాళ్ళ దగ్గర నేర్చుకోదగ్గ పద్ధతి అది.

నేర్చుకోకూడనిది, టికెట్ దక్కనివాళ్ళకు పార్టీలు చెప్పే ‘న్యాయం చేస్తాం’ అన్న మాట. 2024లో పొత్తు సర్దుబాటులో తెనాలి సీటు జనసేన నుంచి నాదెండ్ల మనోహర్‌కు వెళ్ళింది. అక్కడ తెలుగుదేశం తరఫున ఉన్న ఆలపాటి రాజేంద్రప్రసాద్ 2025లో కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానం నుంచి ఎమ్మెల్సీ అయ్యారు. పార్టీకి ఎమ్మెల్సీలున్నాయి, నామినేటెడ్ పదవులున్నాయి. పదహారో కుర్రాడికి ఇవ్వడానికి నీ దగ్గర ఏముంది? వచ్చే ఏడాది చూద్దామంటావు, వాడికి అప్పటికి వయసు దాటిపోతుంది. జాబితా వాట్సాప్ గ్రూపులో పెట్టకముందే, చివరి వడపోతలో పోయిన ముగ్గురు నలుగురికీ నువ్వే ఫోన్ చేసి, ఆ స్థానానికి ఎవరిని తీసుకున్నారో, వీడిలో ఏ లోపం చూశారో ఒక్క వాక్యంలో చెప్పు. ఆ వాక్యం ఎంపికనాడే కాగితం మీద రాసి ఉండాలి; తర్వాత అల్లిన కారణాన్ని పిల్లల తండ్రులు ఇట్టే పసిగడతారు.

సిఫారసులు తప్పవు. ఏ నాయకుడి పీఏనో ఫోన్ చేస్తే విసుక్కోకుండా కుర్రాడి పేరు, పుట్టిన తేదీ, ఏం ఆడతాడో అడిగి రాసుకుని, ట్రయల్స్ ఎప్పుడో, ఎన్ని గంటలకు రావాలో చెప్పి పెట్టెయ్యి. అలా ఫోన్ వచ్చిందని కమిటీలో మిగిలినవాళ్ళకు కూడా అదే రోజు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య